అరువు కంటితో ఆకాశ దర్శనం

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీ పేరు చెబితే గుర్తుకొచ్చేవి లారీలే. టాటాలు 1945లో స్థాపించిన కంపెనీ నీడన పెరిగిన ఆ కాలనీకీ, విశ్వంలోని ఆదిమ గెలాక్సీలకూ సంబంధమేమిటన్న ప్రశ్న సహజం. జవాబు ఆ సంవత్సరంలోనే ఉంది. హోమీ భాభా అభ్యర్థనను మన్నించి, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు అండతో టాటా మౌలిక పరిశోధన సంస్థ, అంటే టీఐఎఫ్‌ఆర్, వెలసిందీ 1945లోనే. మొదటిదాని ఫలితం ఏటా లెక్కల పుస్తకంలో కనిపిస్తుంది. రెండోదాని ఫలితానికి దశాబ్దాలు వేచి ఉండాలి.

ఆ నిరీక్షణ వృథా కాలేదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగసిన ఆస్ట్రోశాట్ ఎక్స్‌రే పరికరాల నిర్మాణంలో టీఐఎఫ్‌ఆర్‌ది ప్రధాన పాత్ర. అదే ఉపగ్రహంలోని అతినీలలోహిత దూరదర్శినుల అద్దం వ్యాసం 37.5 సెంటీమీటర్లే. అయినా 930 కోట్ల సంవత్సరాల కిందట ఒక గెలాక్సీని వీడిన కాంతిని అవి పట్టుకున్నాయని పుణెలోని ఐయూకా ఖగోళ కేంద్రం నేతృత్వంలోని బృందం 2020లో వెల్లడించింది.

అంతకన్నా ప్రాచీన గెలాక్సీల కాంతి, విస్తరిస్తున్న విశ్వంలో సాగి సాగి పరారుణంగా మారి చేరుతుంది. దాన్ని అంతరిక్షం నుంచి చూడగల సాధనం భారత్‌కు లేదు. 2025లో టీఐఎఫ్‌ఆర్‌కే చెందిన పుణె రేడియో ఖగోళ కేంద్రం పరిశోధకులు రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ ‘అలకనంద’ గెలాక్సీని కనుగొన్నారు. విశ్వం వయసు 150 కోట్ల సంవత్సరాలున్నప్పుడే అది చక్కని సర్పిలాకృతి దాల్చింది. ఆ చిత్రాన్ని అందించింది 6.5 మీటర్ల అద్దమున్న జేమ్స్ వెబ్. దానికి సొమ్ము పెట్టినవి అమెరికా, ఐరోపా, కెనడా. మేధ స్వదేశానిది, కన్ను పరాయిది.

లోకానికంతటికీ తెరిచి ఉంచిన సమాచారాన్ని వాడుకోవడంలో చిన్నతనమేమీ లేదు. కానీ ఏ ప్రశ్న కోసం ఎలాంటి దూరదర్శినిని కట్టాలో నిర్ణయించేది ఖర్చు భరించినవారే.

పరిశోధనపై దేశం వెచ్చిస్తున్నది జీడీపీలో 0.64 శాతమే. 2023లో అనుసంధాన్ పరిశోధన సంస్థకు ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలన్న కేంద్రం, అందులో 36,000 కోట్లు పరిశ్రమలు, దాతల వంటి ఇతర వనరుల నుంచి వస్తాయని లెక్కవేసింది. 2025లో ఆమోదించిన లక్ష కోట్ల నిధి విపణికి చేరువైన సాంకేతికతలకు ఉద్దేశించింది. ఆదిమ గెలాక్సీలకు విపణి ఎక్కడిది?

1945లో దాత ముందుకొచ్చిన మాట నిజం. అయితే ఆ విత్తనానికి దశాబ్దాలపాటు నీరు పోసింది ప్రజాధనమే. ఐదేళ్ల కోసం పంపిన ఆస్ట్రోశాట్ పదేళ్లు దాటింది. దాని అతినీలలోహిత కంటికి వారసురాలు ఇంకా కక్ష్యకు చేరలేదు. ఆ బాధ్యతను దాతల ఔదార్యానికి వదిలేయడాన్ని విజ్ఞాన విధానమని అనలేం.