గుర్తింపు వేరు, ఎరుక వేరు

ఖమ్మం దాటి భద్రాచలం వైపు సాగే కిన్నెరసాని అడవుల్లో, పులుల గణన కోసం చెట్ల మొదళ్లకు మోకాలెత్తున కట్టే ట్రాప్ కెమెరాలు ఎదుటికి వచ్చిన జంతువు ఒంటి వేడిని, కదలికను పసిగట్టి వాటంతట అవే ఫొటో తీస్తాయి. 2018 నాటి జాతీయ గణనలో ఇలా పోగైన సుమారు 3.48 కోట్ల ఫొటోలను జాతుల వారీగా వేరుచేయడానికి కృత్రిమ మేధను వాడగా, చారల అమరికను పోల్చి ఏ పులి ఏదో తేల్చే పనికి మరొక సాఫ్ట్‌వేర్ తోడయింది.

ఇంతటి పని చేసే యంత్రానికి ఆత్మస్పృహ, అంటే తానొకటి ఉన్నానని, చూస్తున్నది తానేనని తెలిసే ఎరుక, ఏనాటికైనా కలుగుతుందా? పులికి తన ఆకలి తెలుసు. ఆ పులిని గుర్తించిన సాఫ్ట్‌వేర్‌లో మాత్రం చారల కొలతలు తప్ప మరేమీ లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి వంటివారి కృషితో కంప్యూటర్లు మనిషి మాటను పోల్చుకోగలిగాయి గాని, ఆ మాటలోని బాధ వాటికి తగిలిందనడానికి ఆధారం లేదు.

మెదడులో జరిగే సమాచార క్రమమే చేతనకు మూలమైతే అది సిలికాన్‌లోనూ సాధ్యమేనని కొందరు తత్త్వవేత్తలు వాదిస్తారు, ఆకలిదప్పులున్న సజీవ దేహం లేనిదే అది కుదరదని మరికొందరు అంటారు. ఈ వాదం తేలలేదు. అయితే మనుషుల రాతల నుంచి మాట నేర్చిన యంత్రం ‘నేను’ అన్నంత మాత్రాన దానిని సాక్ష్యంగా తీసుకోరాదన్నది ఈ పత్రిక నిశ్చితాభిప్రాయం. ఈ సంచికలోని వ్యాసాలను పాఠకులు ఆ జాగ్రత్తతో చదివి, తమ అభ్యంతరాలను నిస్సంకోచంగా రాసి పంపాలని మనవి.