గడి కిటికీ

మొన్న రాత్రి మా యింట్లో ఒక చిన్న రభస జరిగింది. రభస అంటే గిన్నెలు ఎగిరిపడేంతటిది కాదు లెండి. భోజనాలయిన తరువాత నేనూ, మా ఆవిడా, మా అమ్మా, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయీ టీవీ ముందు కూర్చుని 'దొరసాని' చూశాం. 2019 జూలై 12న విడుదలైన చిత్రం అది. కొత్తదేమీ కాదు. అయినా ఒకే యింటివాళ్ళు నలుగురూ ఒకే గదిలో కూర్చుని ఒకే బొమ్మ చూడటం పండుగలకు గూడా జరగని కాలం గనుక, ఆ రాత్రిని మా ఆవిడ ఒక శుభకార్యంలాగా చూసింది. పల్లీలు గూడా వేయించింది.

కథ సగంలో వుండగా మా అమ్మ, "గా పిల్లకు నోరు లేదా బిడ్డా?" అన్నది.

రభసకు మూలం ఆ మాట. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు సినిమా సంగతి.

నేను దాన్ని మొదటిసారి విడుదలైన వారంలోనే హాల్లో చూశాను, ఒక్కణ్ణే. నలభై ఏళ్ళ దరిదాపుల్లో వున్న తెలుగు లెక్చరరు నల్లగొండలో ప్రేమ చిత్రానికి ఒంటరిగా వెళ్ళడం ఎంత సాహసమో అనుభవిస్తేగాని తెలియదు. దీపాలు ఆరకముందే ముందు వరుసల నుంచి, "అరే, తెలుగు సారొచ్చిండురా!" అని కేక. విశ్రాంతి సమయంలో మా విద్యార్థి ఒకడు చాయ్ తెచ్చి చేతికిచ్చి, అత్యంత వినయంగా, "సార్, ఇది సిలబస్‌ల ఉన్నదా?" అని అడిగాడు. వాడికి అప్పుడు జవాబు చెప్పలేదు. ఉన్నది నాయనా, ఉన్నది.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో. 1980 దశకం నాటి తెలంగాణ పల్లె. ఊరి మధ్య గడి. గడిలో దొర. దొర కూతురు దేవకి. ఊళ్ళో పేదింటి కుర్రవాడు రాజు. ఆ కిటికీకీ ఈ కుర్రవాడికీ మధ్య ప్రేమ. చుట్టూ దళాలూ, పోలీసులూ. ముగింపు చెప్పను. అయినా ఇట్లాంటి కథల ముగింపు మన ప్రాంతంవాళ్ళకు ఒకరు చెప్పవలసినది కాదు. దర్శకుడు కె.వి.ఆర్. మహేంద్ర. రాజుగా ఆనంద్ దేవరకొండకూ, దేవకిగా శివాత్మికకూ ఇదే మొదటి చిత్రం. దేవరకొండవారి సొంతూరు అచ్చంపేట దగ్గరి తుమ్మన్‌పేట గనుక మహబూబ్‌నగర్ వైపు మిత్రులు, "మా పిల్లగాడు" అని నాతో గర్వంగా చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వండి. పాలమూరు నుంచి ఎన్నో ఏళ్ళు ఊళ్ళకు ఊళ్ళు వలసపోయాయి. ఒక పిల్లవాడు తెర మీదికి పోతే సంతోషమే గదా.

మంచి ముందు చెప్పడం మర్యాద. ఈ చిత్రంలో ప్రేమికులు మన మాట మాట్లాడతారు. ఇది చిన్న విషయమేమీ కాదు. ఎన్నో ఏళ్ళు తెలుగు తెర మీద తెలంగాణ యాస రౌడీ అనుచరుడి నోట్లోనో, నవ్వించే నౌకరు నోట్లోనో వుండేది. మనవాడు ప్రేమించవలసి వస్తే యాస మార్చుకోవలసి వచ్చేది. 2017లో 'ఫిదా' ఆ గోడకు గట్టి దెబ్బే వేసింది. 'దొరసాని' ఆ దారిలో మరో అడుగు. విదేశాల్లో గంతులు లేవు. ప్రశాంత్ విహారి సంగీతం మెత్తగా వుంది. దొర వేషం కట్టిన వినయ్ వర్మ కేకలు వేయకుండానే భయపెట్టాడు. దళ నాయకుడిగా కిశోర్ నిండుగా వున్నాడు. గడిలోపలి చీకటి నిజంగా చీకటిలాగానే వుంది. మన సినిమాల్లో చీకటికి గూడా వెలుతురు కొట్టే అలవాటు వుంది గనుక ఈ మాట ప్రత్యేకించి చెబుతున్నాను.

ఇక చెడు. మొదటి సగం నెమ్మది. అబ్బాయి చూస్తాడు, అమ్మాయి చూస్తుంది, మళ్ళీ అబ్బాయి చూస్తాడు. ప్రబంధాల్లో వర్ణనలు చదివి చదివి ఓపిక పండిన నాకే కుర్చీలో రెండుసార్లు కదలవలసి వచ్చింది. కాని అసలు లోపం అది కాదు. పేరు 'దొరసాని'. కథ మాత్రం రాజుది. ప్రేమ తెలుసుకునేది రాజు. భయం తెలుసుకునేది రాజు. తన ఊరు ఎట్లాంటిదో కళ్ళు తెరిచి చూసేది రాజు. పిల్లవాడు మనిషిగా ఎదిగే కథ చక్కగానే వుంది. మరి దేవకి? ఆమెకు కిటికీ ఇచ్చారు, పెద్ద కళ్ళిచ్చారు, మాటలు మాత్రం పొదుపుగా ఇచ్చారు. శివాత్మిక ఆ కళ్ళతోనే చాలా దూరం లాక్కొచ్చింది, ఆ పిల్ల తప్పేమీ లేదు. అయినా ఆమె తలలో ఏమున్నదో మనకు తెలియదు. తండ్రిని గురించి ఏమనుకుంటుంది? గడిలో అన్నం వండే చేతులను గురించి ఏమనుకుంటుంది? వెనకటి గడుల్లో ఆడబాపలని వుండేవారు. దొరబిడ్డ అత్తవారింటికి పోతుంటే సామానుతో బాటు పంపించే ఆడపిల్లలు. దొరబిడ్డ ఈడువాళ్ళే. దొరసాని అని పేరు పెట్టుకున్నాక, అట్లాంటి లోకంలో పెరిగిన పదహారేళ్ళ పిల్ల మనసు ఎట్లా వుంటుందో చూపించడమే కథ అయ్యేది.

అట్లా ఎవరైనా చూపించారా అంటారేమో. మా బమ్మెర పోతన చూపించాడు. ఒంటిమిట్టవారు కోప్పడకూడదు. పోతన మావాడే. పదిహేనో శతాబ్దంలో ఆయన భాగవతం తెలుగు చేస్తూ రుక్మిణి అనే రాచపిల్లను మన ముందు నిలబెట్టాడు. ఆమెకూ అంతఃపురమే. అన్న రుక్మి శిశుపాలుడికి ఇచ్చి తీరతానంటాడు. తండ్రి భీష్మకుడు కొడుకుకు ఎదురుచెప్పలేడు. ఆ పిల్ల కిటికీలో నిలబడి కన్నీళ్ళు పెట్టుకుని ఊరుకోలేదు. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుణ్ణి పిలిచి సందేశం పంపింది. నిన్నే వరించానన్నది. ఏ దారిన రావాలో, ఊరి బయట గౌరీపూజకు తాను ఎప్పుడు వస్తుందో, అక్కడి నుంచి ఎట్లా తీసుకుపోవాలో అంతా తానే చెప్పింది. సినిమావాళ్ళ మాటల్లో చెప్పాలంటే కథ, స్క్రీన్‌ప్లే ఆమెవే. కృష్ణుడు వచ్చి రథం ఎక్కించుకున్నాడు, అంతే. అయిదారు వందల ఏళ్ళ కిందట ఆడపిల్లకు దొరికిన నోరు 2019లో సగమయిపోయిందంటే తెలుగు పంతులుకు బాధ వుండదా?

ఇందులో ఒక తమాషా వుంది. పోతనగారి బమ్మెరకూ విసునూరుకూ మధ్య దూరం ఎంతో లేదు. విసునూరు దేశ్‌ముఖ్ గడి పేరు చెబితే ఆనాడు నల్లగొండ జిల్లాలోనే వున్న జనగామ తాలూకా అంతా వణికేది. ఆ దొర మనుషుల తుపాకులకే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య బలి అయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడింది ఆ దొరకు ఎదురుగానే. మా అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి గడి ముందు నుంచి పోవలసి వస్తే చెప్పులు చేతపట్టుకునేదట. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'లో మీరు చూసివుంటారు, రామయ్య అనే కుర్రవాడి మొదటి ప్రేమ ఆ గడి నీడలోనే విరిగిపోతుంది.

ఇప్పుడు గడులు చాలావరకు కూలిపోయాయి. కొన్నింటిలో రావిచెట్లు మొలిచాయి. సంస్థానాధీశుల భవనాల సంగతి చెప్పాలంటే, వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ కళాశాల నడుస్తున్నది. ఒకప్పుడు రాణులు పరదాల చాటున తిరిగిన చోట మన పిల్లలు సంచులు తగిలించుకుని పరీక్షల గురించి పోట్లాడుకుంటున్నారు. నాకు ఆ దృశ్యం ఏ సినిమాలోనూ దొరకలేదు.

అందుకే 'దొరసాని' చూసి బయటికి వస్తుంటే జనం ముఖాల్లో బాధతో బాటు ఒక రకమైన నిమ్మది గూడా కనిపించింది. నా పక్కనే నడుస్తున్న పెద్దమనిషి భార్యతో, "ఆ దినాలు పోయినయి, మంచిగైంది" అన్నాడు. నేనూ తల వూపాను.

తల వూపిన తరువాత మెట్ల మీద ఆగిపోయాను. ఆ సినిమా రావడానికి పది నెలల ముందు, 2018 సెప్టెంబరు 14న, మా జిల్లా మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కన వుండగానే నరికి చంపారు. ఆ పిల్ల తండ్రే డబ్బిచ్చి మనుషుల్ని పెట్టించాడని కేసు. ఆయన 2020లో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ కథలో గడి లేదు, దొర లేడు, గుర్రం లేదు. మీ యింటిలాంటి, మా యింటిలాంటి డాబా యిల్లు. కూతుర్ని కళ్ళల్లో పెట్టుకుని పెంచిన తండ్రి అని ఊళ్ళో పేరు.

ఇదీ ఆ చిత్రంతో నా పేచీ. కిటికీని తీసుకుపోయి గడికి బిగించారు. కాలాన్ని వెనక్కి జరిపారు. తండ్రికి మీసాలూ, మందీమార్బలమూ ఇచ్చారు. చూసే తండ్రులందరం, 'మనం అట్లాంటివాళ్ళం కాము గదా' అని ధైర్యంగా కూర్చున్నాం. దర్శకుడు కావాలని చేశాడనను. ప్రేమకు శత్రువు దొర అయితే కథ నడపడం సులువు. శత్రువు ఉదయం పిల్లను బండి మీద కాలేజీ దగ్గర దించి, మధ్యాహ్నం "తిన్నావా తల్లీ" అని ఫోను చేసే మనిషి అయితే చాలా కష్టం.

సరే, రభస దగ్గరికి వస్తాను.

అమ్మ అన్న మాటకు మా అమ్మాయి నవ్వి, "ఆమె తరపున మాట్లాడెటోళ్ళు ఒక్కళ్ళన్నా లేరు గదా నానమ్మా, ఇగ ఆమె ఎవరితోని మాట్లాడాలె?" అన్నది. ఆ నవ్వులో నాకేమీ నవ్వు కనిపించలేదు. సినిమా ఆపాను. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని సంగతి ఒకటి చెప్పాను.

2016లో ఒక విద్యార్థిని స్టాఫ్ రూములో ఎవరూ లేని సమయం చూసి నా దగ్గరికి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం. నిబ్బరమైన పిల్ల. పద్యం చదివితే తరగతి అంతా నిశ్శబ్దంగా వినేది. వేరే కులం అబ్బాయిని ఇష్టపడ్డదట. అబ్బాయికి ఉద్యోగం గూడా వచ్చిందట. "సార్, మీరంటే మా నాయనకు గౌరవం. ఒక్కసారి మాట్లాడుతారా?" అన్నది. అంతే అడిగింది. రథం తెమ్మనలేదు, యుద్ధం చేయమనలేదు. నేను గొంతు సవరించుకుని, "ముందు పరీక్షలు కానీయమ్మా, పెద్దవాళ్ళు ఏం చెప్పినా మన మంచికే చెబుతారు" అన్నాను. ఆ పిల్ల నావైపు ఒక్క క్షణం చూసి, "సరే సార్" అని వెళ్ళిపోయింది. ఆ యేడు నేను రుక్మిణీ కల్యాణం ఎంతో బాగా చెప్పానని అందరూ అన్నారు. పరీక్షలైన రెండు నెలలకు ఆమె తండ్రితో బాటు వచ్చి శుభలేఖ ఇచ్చింది. వరుడు వాళ్ళవాళ్ళే. వెళ్ళాను. అక్షతలు వేశాను. భోజనం బాగుంది.

ఇది విని మా ఆవిడ, "మీరు చేసింది మంచిదే. ఒకరింటి సంగతి మనకెందుకు? రేపు ఏమన్నా అయితే ఆ తండ్రి మన గడపకే వచ్చేటోడు" అన్నది. అది తీసిపారేయదగిన మాట కాదు. మిర్యాలగూడ తరువాత మరీ కాదు. మా అమ్మాయి, "అంటే రేపు నాకట్లయితే ఏ సారు దగ్గరికి పోవాలె?" అన్నది. "ఏం మాటలే అవి!" అని వాళ్ళమ్మ లేచింది. ఇద్దరి గొంతులూ పెరిగాయి. నేను మధ్యలో ఏదో అనబోతే ఇద్దరూ కలిసి నన్నే ఊరుకోమన్నారు. మా అమ్మ పల్లీల పొట్టు కొంగులోకి ఎత్తుకుంటూ, "ముందుగాల ఆ పిల్ల కథ అయిపోనీయండ్రి" అని టీవీ వైపు చూపించింది. ఏ పిల్ల కథో నేను అడగలేదు.

మిగతా సగం చూశాం. ఎవరూ మాట్లాడలేదు. దీపం ఆర్పబోతుంటే మా అమ్మాయి తన గది తలుపు దగ్గర ఆగి, "ఆ అక్క పేరేంది నాన్నా?" అని అడిగింది.

చెప్పాను.