ర్యామ్ ముందు, రంగులు తర్వాత
ఇంజినీరింగ్‌లో సీటు రాగానే, ఫీజు తర్వాత ఇంటి మీద పడే పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్. ‘అన్నా, కోడింగ్‌కి ఏది కొనాలి?’ అని అడిగే ప్రతి తమ్ముడికీ నాది ఒకటే జవాబు: ముందు ర్యామ్ చూడు, మిగతావి తర్వాత. కీబోర్డు కింద రంగురంగుల లైట్లు వెలిగే గేమింగ్ మిషన్ చూడముచ్చటగానే ఉంటుంది. కానీ జావా, పైథాన్ రాసుకునేవాడు అందులోని గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు పోయడం పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టే. బరువు, వేడి, తొందరగా నీరసించే బ్యాటరీ అదనం. ఒక పక్క ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, మరో పక్క డాకర్, మధ్యలో క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే 8 జీబీకి ఊపిరాడదు; 16 జీబీ ఉంటే పని సాగుతుంది. చాలా పలచటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకుందామన్నా కుదరదు. స్లాటు సంగతి కొనేముందే అడగాలి. చేతిలో డబ్బు తక్కువైతే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి, కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, ల్యాటిట్యూడ్‌లు వెతకమంటాను. ఉదాహరణకు 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480లో రెండు ర్యామ్ స్లాట్లు, బయటికి తీసి మార్చుకోగల బ్యాటరీ, ఎంతసేపు కొట్టినా వేళ్లు అలవని కీబోర్డు ఉన్నాయి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతది మాత్రం వద్దు: ఒకటీ అరా తప్ప వాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెకండ్‌హ్యాండ్ అంటే నామోషీ అనుకునే నాన్నలకు ఒక్క మాట: ఇంటర్వ్యూలో చూసేది మీవాడు రాసిన కోడ్‌ని, మూత మీది బొమ్మని కాదు.