చెత్తబండి ఖాలా

ఉదయం ఏడు గంటలకు వీధి మొదట్లో పాట వినపడగానే మా నాలుగేళ్ల మనవడు చేతిలోని రొట్టెముక్కను పళ్లెంలో వదిలి గుమ్మం వైపు పరుగు తీస్తాడు. అది పురపాలక సంఘం వారి చెత్తబండి. బండి నడిపే అతనిని ‘మామూ’ అని, వెనుక నిలబడి డబ్బాలు అందుకునే ఆమెను ‘ఖాలా’ అని వాడే వరుస కలుపుకున్నాడు. మేము నేర్పినది కాదు. తడిచెత్త డబ్బాను వాడే పట్టుకుని ఇవ్వాలి. ఆమె దానిని బోర్లించి, అడుగున రెండు దెబ్బలు కొట్టి తిరిగి ఇచ్చేవరకు వాడు రెప్ప వేయడు. బండి మలుపు తిరిగే వరకు చేయి ఊపుతూనే ఉంటాడు.

పసిపిల్లలున్న ఎన్నో ఇళ్లలో ఇదే దృశ్యం కనిపిస్తుంది. కారణం కోసం దూరం వెళ్లనవసరం లేదు. తండ్రి కార్యాలయంలో చేసే పని పిల్లవాడికి కనిపించదు. ఈ పని కనిపిస్తుంది. నిండిన డబ్బా ఖాళీ అవుతుంది, మురికి వీధి శుభ్రపడుతుంది. పైగా వీరు రోజూ అదే వేళకు వస్తారు, పేరు పెట్టి పిలుస్తారు. ఒక మనిషిని గొప్పవాడిగా ఎంచడానికి పసివాడికి ఇంతకంటే ఏమి కావాలి?

ఒకనాడు వాడు, “దాదీ, నేను పెద్దయ్యాక చెత్తబండి ఎక్కుతాను” అని ప్రకటించాడు. మేము నవ్వుతూ, “సరిగా చదవకపోతే నీకూ అదే గతి” అన్నాము. బండి గుమ్మం ముందే ఉన్నది. ఆమె విన్నది, ఏమీ అనలేదు. డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ రోజు పిల్లవాడి తల నిమరలేదు. ఆ సంగతిని మేము గమనించాము, మరచిపోయాము కూడా.

నెల తిరగకముందే మరొకటి జరిగింది. ముందురోజు పగిలిన టీ గ్లాసు ముక్కలను మేము చేతికందిన పల్చటి కవరులో వేసి, మిగతా చెత్తతో కలిపేశాము. ఉదయం ఆమె ఆ కవరును పట్టుకోగానే అరచేయి తెగింది. రక్తం చూసి పిల్లవాడు బిగ్గరగా ఏడ్చాడు. “పర్వాలేదమ్మా, మాకు అలవాటే” అన్నది ఆమె. వాడు మాత్రం మా కొంగు పట్టుకుని అడిగాడు: “గాజు ఎవరు పెట్టారు దాదీ?”

జవాబు చెప్పక తప్పలేదు. ఆమెను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, గాయం కడిగి కట్టు కట్టాము. టెటనస్ సూది వేయించుకునేందుకు ఆసుపత్రికి పంపించాము. ఇన్నేళ్లలో ఆమె మా ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. పేరు అడగబోతుంటే మనవడే చెప్పాడు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలని, చిన్నదానికి బాదం పాలు ఇష్టమని కూడా వాడే చెప్పాడు. మూడేళ్లుగా మా చెత్త ఎత్తుతున్న మనిషి గురించి మాకు తెలియనిది మా పసివాడికి తెలుసు.

ఆ రోజు అన్న మాటకు కూడా క్షమించమని అడిగాము. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, “మా పిల్లలకు నేనూ అదే చెబుతానమ్మా, చదవకపోతే నా పనే అని. కానీ నేను చెప్పడం వేరు, మీరు చెప్పడం వేరు” అన్నది.

ఆ తేడాను మనం అర్థం చేసుకోవాలి. ఆమె తన కష్టం బిడ్డకు రాకూడదని కోరుకుంటున్నది. మనం మన బిడ్డకు ఆమెను చూపి భయపెడుతున్నాము. ఆమెది మమకారం, మనది అహంకారం.

అహంకారం విషయంలో మన ధర్మం ఎంత కఠినంగా ఉన్నదో మనకు తెలియనిది కాదు. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని హుజురాత్ సూరా నిషేధించింది. అయినా ‘చెత్తవాడు వచ్చాడు’ అనే మాట మన ఇళ్లలో ఎంత సులువుగా దొర్లుతుంది! చెత్త మనది, పేరు మాత్రం దానిని ఎత్తేవారికి పెట్టాము.

మదీనాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) మస్జిదును ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె కనిపించకపోవడంతో ప్రవక్త (స) ఆరా తీశారు. మరణించిందని సహచరులు చెప్పారు. అది తమకు చిన్న విషయంగా తోచి ఆయనకు తెలియజేయలేదు. తనకెందుకు చెప్పలేదని ఆయన అడిగి, సమాధి ఎక్కడో చూపించమని, అక్కడికి వెళ్లి ఆమె కొరకు జనాజా నమాజు చేశారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో మనకు చేరింది. అందరూ చిన్నదిగా ఎంచిన మనిషి లేని లోటు ఆయనకు కనిపించింది.

ఉత్తర భారతంలో పారిశుద్ధ్య పని చేసే ముస్లిం సమూహాలకు ‘హలాల్‌ఖోర్’ అనే పేరున్నది. ధర్మసమ్మతమైన సంపాదన తినేవారు అని దాని అర్థం. అంత మంచి పేరును కూడా కులం పేరుగా, చిన్నచూపుగా మార్చినవారిలో మనవారూ ఉన్నారు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో పార్లమెంటు కఠినమైన చట్టం చేసింది. చట్టం పనిని నిషేధించగలదు. చూపును మార్చవలసింది ఇంట్లోనే.

మా ఇంట్లో కొన్ని మార్పులు చేసుకున్నాము. పగిలిన గాజును, వాడిన బ్లేడును మందపాటి కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, చేతికి ఇస్తూ చెబుతున్నాము. డైపర్లను, శానిటరీ ప్యాడ్లను విడిగా కాగితంలో చుట్టుతున్నాము. తడి, పొడి చెత్తలను కలపడం మానుకున్నాము. బక్రీద్ మూడు రోజులూ మన వీధుల్లో వారి శ్రమ రెట్టింపవుతుంది. కుర్బానీ వ్యర్థాలను మురుగుకాలువలో పారవేయక గట్టి సంచిలో కట్టి ఇవ్వడం మన బాధ్యత. దాహమైతే నీళ్లు మనం తాగే గ్లాసులోనే ఇవ్వాలి. పిల్లలు ఇవన్నీ చూస్తూ ఉంటారు.

తల్లులకు ఒక హెచ్చరిక కూడా. బండి వెనక్కి జరిగేటప్పుడు చిన్నపిల్లలు నడిపేవారికి కనిపించరు. పిల్లవాడి చేయి మీ చేతిలోనే ఉండాలి. చెత్త డబ్బా పట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడిగించాలి. అది పరిశుభ్రత కోసమే గాని, ఎవరినో తాకినందుకు కాదని వారికి తెలిసేలా చెప్పాలి.

ఆమె గాయం మానింది. మనవడు ఇప్పటికీ చెత్తబండి ఎక్కుతాననే అంటున్నాడు. “ఎక్కినా ఎక్కకపోయినా బాగా చదువుకో నాన్నా, ఖాలా పిల్లలూ చదువుకుంటున్నారు” అని చెబుతున్నాము. నిన్న ఆమె వాడి తల నిమిరి, డబ్బా తిరిగి ఇచ్చింది.