ఆగిన పాట ఓడిన పాట కాదు

పాట బాగుందంటే పాడినవారి పేరు చెబుతాం. మహా అయితే రాసినవారినీ, బాణీ కట్టినవారినీ తలుచుకుంటాం. రికార్డింగు గదిలో కూర్చుని ఆ ధ్వనికి ఒక రూపం తెచ్చినవారి సంగతి ఎవరికీ పట్టదు. బాణీ కట్టడం, పాడడం, ధ్వనిని తీర్చిదిద్దడం అనే మూడు పనులూ ఒక్కడే చేసిన అమెరికన్ బ్రయాన్ విల్సన్ 2025 జూన్ 11న, 82వ ఏట కన్నుమూశాడు. "ఆ ఇంగ్లీషు పాటల గోల మనకెందుకోయ్?" అంటారేమో! సైన్సు విద్యార్థిగా నన్ను ఆకట్టుకున్నది ఆయన పని చేసిన పద్ధతి.

ఆయన 1942లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చిన్నతనం నుంచీ కుడి చెవి దాదాపు వినిపించదు. 1961లో ఇద్దరు తమ్ముళ్లు, మేనత్త కొడుకు, ఒక స్నేహితుడితో కలిసి 'బీచ్ బాయ్స్' బృందం పెట్టాడు. సముద్రపు అలల మీద పలకెక్కి తేలే ఆట గురించిన పాటలతో వాళ్లకు పేరొచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ ఆట నిజంగా ఆడేవాడు తమ్ముడు డెన్నిస్ ఒక్కడే.

1964 డిసెంబరులో విమానంలో వెళుతూ బ్రయాన్ భయంతో కుప్పకూలిపోయాడు. ఆ తర్వాత బృందంతో ఊళ్లు తిరగడం మానేశాడు. మిగతావాళ్లు కచేరీలు చేస్తుంటే తాను స్టూడియోనే ప్రయోగశాల చేసుకున్నాడు. అక్కడ పుట్టినదే 1966 మేలో వచ్చిన 'పెట్ సౌండ్స్'. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు నిండలేదు! అందులో వయొలిన్ల పక్కనే సైకిలు బెల్లు మోగుతుంది, కుక్కలు మొరుగుతాయి. రెండు వేర్వేరు వాద్యాల చేత ఒకే స్వరం పలికిస్తే మనకు మూడో వాద్యమేదో వినిపిస్తుంది. రెండు మూలకాలు కలిసి కొత్త పదార్థం కావడం లాంటిదే కదా ఇది! వాద్యాలన్నిటినీ ఒక టేపు మీద పట్టి, వాటిని ఒక్క ట్రాకులోకి కుదించి, మిగిలిన ట్రాకుల్లో గొంతులను ఒకదానిపై ఒకటి పేర్చేవాడు. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ సైతం ఆ రికార్డుకు దాసోహమన్నాడు.

అదే ఏడు అక్టోబరులో 'గుడ్ వైబ్రేషన్స్' వచ్చింది. ఒక్క పాటకు నెలల తరబడి, అనేక స్టూడియోల్లో, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, టేపు కత్తిరించి అతికించారు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అది మొదటి స్థానానికి చేరింది.

ఆ పద్ధతిలోనే 'స్మైల్' అనే పూర్తి ఆల్బం చేయబోయాడు. ముక్కలు గుట్టలుగా పేరుకున్నాయి గాని, అతికే క్రమం దొరకలేదు. బృందంలో అభ్యంతరాలు, రికార్డు కంపెనీతో తగాదా, మత్తు మందులు, వాటన్నిటినీ మించి మనోవ్యాధి. 1967లో పని ఆగిపోయింది. "ఇక వీడి పని అయిపోయింది" అన్నవాళ్లు అన్నారు. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ వ్యాధితోనే గడిచాయి.

కాని 2004లో, పాత గీత రచయిత వాన్ డైక్ పార్క్స్‌నూ, కొత్త వాద్య బృందాన్నీ తోడు చేసుకుని, ఆ ముక్కలన్నీ వరుసలో పెట్టి లండన్ వేదిక మీద 'స్మైల్' మొత్తం వినిపించాడు. మధ్యలో గడిచినవి 37 ఏళ్లు!

కొందరు "పిచ్చి ఉంటేనే ప్రతిభ" అంటూ ఆయన్ని ఉదాహరణగా చూపుతారు. ఇది శుద్ధ తప్పు అని నా అభిప్రాయం. జబ్బు ఆయనకు పాటలివ్వలేదు, పాటలు కట్టవలసిన ఏళ్లను కాజేసింది. పాట పూర్తయింది ఎప్పుడు? చికిత్స, ఇంటివారి ఆదరణ, చేయందించే తోటి కళాకారులు దొరికాకనే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నిరుడు మా హాస్టల్ మిత్రుడొకడు పరీక్షలు రాయకుండా ఇంటికి వెళ్లిపోయాడు. మనసు బాగోలేదని చెప్పడానికి సిగ్గుపడి కడుపునొప్పి అన్నాడు. మేం నవ్వుకున్నాం. "వాడి చదువు గోవిందా" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక ఏడు పంట చేతికి రాకపోతే చేను పనికిరానిదని మా ఇంట్లో ఎవరూ అనరు. ఆ పాటి జ్ఞానం నాకు హాస్టల్లో లేకపోయింది.

మిత్రులారా, ఆగిపోయిన ప్రతి పనీ ఓటమి కాదు. ఆగినవాడి పక్కన ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. మా మిత్రుడు ఈ ఏడు తిరిగి వస్తున్నాడట. వాడికి కావలసిన ఫిజిక్సు నోట్సు శుభ్రంగా తిరగరాసి ఉంచాను.