చేతుల్లేని జర్కిన్... కొనే ముందు ఓ మాట!

మన దగ్గర చలికాలంలో జిప్పు లాగి వేసుకునే కోటు ఏదైనా జర్కినే. బైక్ నడిపే అన్నయ్యదీ జర్కినే, స్కూలుకెళ్లే బుడ్డోడిదీ జర్కినే. కానీ అసలు సిసలు మిలటరీ జర్కిన్‌కి చేతులే ఉండవు! ఇప్పుడు రీల్స్‌లో ‘వింటేజ్’ అంటూ మెరుస్తున్న తోలు కోటు అదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల చలికి వణికే సైనికులకి బ్రిటిష్ సైన్యం దీన్ని ఇచ్చింది. పైన తోలు, లోపల ఉన్ని అస్తరు. యూనిఫాం మీద వేసుకోవాలి. చేతులెందుకు లేవంటారా? తుపాకీ పట్టాలి, మట్టి తవ్వాలి, బండి నడపాలి మరి! రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఇది కొనసాగింది. తర్వాత మిగిలినవి సర్‌ప్లస్ కింద అమ్మితే బొగ్గు మోసేవాళ్లు, కూలిపనివాళ్లు ఏళ్ల తరబడి వాడారు. అంటే ఇది షోకు కోసం కాదు, పని కోసం పుట్టింది.

ఇందులో మన తంగేడు వాటా కూడా కొంచెం ఉందండోయ్! మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు ‘ఈస్టిండియా కిప్స్’ పేరుతో బ్రిటన్‌కి వెళ్లేవి. ఆ తోళ్లే యుద్ధకాలంలో సైనికుల బూట్లయ్యాయి.

సరే, కొనడం సంగతికొద్దాం. గ్లాస్గోలో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు వీడియో కాల్‌లో రెండు చూపించి, “అన్నా, ఏది తీసుకోమంటావ్?” అన్నాడు. ఒకటి సర్‌ప్లస్ షాపులో పాతది, ఇంకోటి ఆన్‌లైన్‌లో కొత్తది. వారాంతాల్లో షిఫ్టులు చేసి దాచుకున్న డబ్బది. అందుకే తొందరపడకుండా ఒక్కొక్కటీ చూడమన్నా.

ముందు తోలు. ‘జెన్యూన్ లెదర్’ అని ట్యాగ్ ఉంటే మురిసిపోవద్దు. అది తోలు అని చెబుతుంది, మంచి తోలని కాదు. ‘ఫుల్ గ్రెయిన్’ అంటే పైపొర చెక్కకుండా ఉంచినది, గట్టిది. ‘బాండెడ్’ అంటే తోలు తునకల్ని జిగురుతో అతికించినది. ‘పీయూ’ అయితే గుడ్డ మీద ప్లాస్టిక్ పూతే. మన ఉక్కపోతకి కొన్నేళ్లలో పొరలు పొరలుగా ఊడిపోతుంది. కోసిన అంచు చూడండి. పీచు కనిపిస్తే తోలు, నేత కనిపిస్తే పీయూ.

పాతదైతే చంకల దగ్గర, బొత్తాల దగ్గర మడిచి చూడాలి. పగుళ్లుంటే ఆలోచించండి. వేలికి ఎర్రటి పొడి అంటితే మాత్రం వదిలేయండి. ఆ తోలు లోపలే కుళ్లిపోయింది, ఏ నూనె రాసినా బతకదు. అస్తరు చిరిగితే పర్లేదు, టైలర్ మార్చేస్తాడు.

మావాడి పాత జర్కిన్‌కి చంక దగ్గర ఆ పొడే రాలింది. కొత్తదాని వివరాల్లో అడుగున చిన్నక్షరాల్లో ‘పీయూ’ అని ఉంది. రెండూ వద్దనుకుని మూడు వారాలు ఆగాడు. చివరికి వేరే షాపులో అస్తరు చిరిగినా తోలు బాగున్నది దొరికింది.

తర్వాత కొలత. జర్కిన్ అయితే స్వెటర్ వేసుకుని, దాని మీద ఛాతీ కొలవాలి. బొత్తాలన్నీ పెట్టి చేతులు పైకెత్తండి, ముందుకి వంగండి. చంక పట్టేస్తే అది మీది కాదు. తోలు వెయిస్ట్‌కోట్ అయితే చొక్కా మీద ఒంటికి దగ్గరగా ఉండాలి. ఒక్క హెచ్చరిక... ఇవేవీ బైక్ రైడింగ్ జాకెట్లు కావు. పడితే మోచేతుల్ని కాపాడవు.

విజయవాడలో, హైదరాబాద్‌లో ఉన్ని అస్తరు వేసుకుంటే ఆవిరి స్నానమే! లంబసింగి ట్రిప్పులకి సరే గానీ, రోజువారీకి నేనైతే నూలు అస్తరున్న పల్చటి వెయిస్ట్‌కోటే ఎంచుకుంటా. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు ఖాయం. వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి గాలి తగలనివ్వండి. తడిస్తే నీడలోనే ఆరబెట్టండి.

అసలు తోలుకి డబ్బు చాలకపోతే పీయూతో సరిపెట్టుకోవద్దు. అదే డబ్బుతో మందపాటి కాన్వాస్ కోటు తీసుకోండి. అదీ పని కోసం పుట్టిందే!