ఎనిమిదో తరగతిలో అడగాల్సిన ప్రశ్న

పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలను తెలుగు ఇళ్లలో ఎవరైనా ముందుగా అడిగేది ‘ఏ గ్రూపు తీసుకుంటున్నావు?’ అనే. ఒమన్ వాయవ్య సరిహద్దులో, యూఏఈలోని అల్ ఐన్‌ను ఆనుకుని ఉన్న బురైమిలోని తెలుగు ఇళ్లలోనూ అదే ప్రశ్న, అవే జవాబులు. ఎంపీసీ, బైపీసీ, ఆ రెండూ కుదరకపోతే కామర్స్. అక్కడితో మాట ముగుస్తుంది. గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లకు విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. సీబీఎస్‌ఈ పదో తరగతి ఫలితాలు సాధారణంగా ఆ తర్వాతే వస్తాయి. బోర్డు మార్కులు తెలియకముందే పిల్లలు పదకొండో తరగతిలో కూర్చుంటున్నారన్నమాట. జీవితకాలపు నిర్ణయానికి ఆధారాలు ప్రీ-బోర్డు మార్కులు, పక్క ఫ్లాట్ వాళ్ల సలహా, ఏ సెక్షన్‌లో ఖాళీ ఉందన్న కబురు. ఈ పద్ధతి మారాలి. సబ్జెక్టుల ఎంపిక గురించి పిల్లలతో మాట్లాడటం ఎనిమిదో తరగతిలోనే మొదలుకావాలి. ఆ మాటల్లో వృత్తి విద్యకు మొదటి వరుసలో చోటుండాలి.

ఎనిమిదిలోనే ఎందుకంటే, పదో తరగతి తర్వాత మనం ఎంచుకుంటున్నామని అనుకునే దారుల్లో కొన్ని అప్పటికే మూతబడి ఉంటాయి. గణితం సంగతే చూడండి. 2020 బోర్డు పరీక్షల నుంచి సీబీఎస్‌ఈ పదో తరగతి గణితంలో స్టాండర్డ్, బేసిక్ అని రెండు స్థాయులు పెట్టింది. సిలబస్ ఒకటే, పరీక్ష పత్రం వేరు. పైతరగతుల్లో గణితం చదవదలచుకోని వారికోసం బేసిక్‌ను ఉద్దేశించారు. మధ్యలో సడలింపులు ఇచ్చినా ఆ ఉద్దేశం మారలేదు. పరీక్ష తేలికగా ఉంటుందని బేసిక్‌కు టిక్కు పెట్టిన విద్యార్థి తర్వాత ఇంజినీరింగ్ చదువుతానంటే మళ్లీ పరీక్ష రాయడమో, నియమాల సడలింపు కోసం ఎదురుచూడటమో తప్పదు. కామర్స్ వంటి రంగాల వైపు వెళ్లేవారికి అప్లయిడ్ మ్యాథమెటిక్స్ అనే మరో సబ్జెక్టు ఉందని తెలిసిన తల్లిదండ్రులు ఎందరు? పదకొండులో తీసుకున్న సబ్జెక్టును పన్నెండులో మార్చుకోవాలంటే బోర్డు అనుమతి కావాలి. ఇవేవీ రహస్యాలు కావు. సమయానికి చెప్పేవారే కరవు.

రెండోది, ఇంతకంటే బరువైనది స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలుగునాట విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. ప్రధానంగా అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానికత తేలుతుంది. తెలంగాణ 2024 జులైలో వైద్య, దంతవైద్య ప్రవేశాల నిబంధనలను సవరించి తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలంది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో ఆ నిబంధనను సమర్థించింది. బురైమిలో పదో తరగతి ముగించి ఇంటర్‌కు కరీంనగర్‌కో కడపకో పంపితే సరిపోతుందని అనుకునే కుటుంబానికి ఈ లెక్క పిడుగుపాటే. ఎంబీబీఎస్‌కు తొమ్మిదో తరగతి నుంచే ఊళ్లో చదివి ఉండాలి. పాలిటెక్నిక్‌కు అర్హత పరీక్ష పదో తరగతి కాబట్టి ఏడో తరగతి నుంచే లెక్క మొదలవుతుంది. గల్ఫ్‌లో చదివిన పిల్లలకు ఎక్కువగా మిగిలేది అన్‌రిజర్వుడు సీట్లలో పోటీయే.

బురైమిలోనే పన్నెండు పూర్తిచేయడం వల్ల కలిసొచ్చేవీ ఉన్నాయి. విదేశాల్లో చదివిన విద్యార్థుల కోసం ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో డాసా పథకం కింద అదనంగా సీట్లు కేటాయించారు. వాటిలో మూడోవంతు గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు, అంటే సీఐడబ్ల్యూజీ కేటగిరీకి వెళతాయి. విదేశీ విద్యార్థులతో పోలిస్తే ఈ కేటగిరీ వారికి ఫీజు బాగా తక్కువ. ప్రవేశం జేఈఈ మెయిన్ ర్యాంకు ఆధారంగానే ఉంటుంది. స్వదేశానికి పంపాలా, ఇక్కడే ఉంచాలా అన్నది భావోద్వేగంతోనో బంధువుల మాటతోనో తేల్చే విషయం కాదు. ఏ చదువుకు వెళ్లాలన్నదాన్ని బట్టి అది తేలాలి. ఆ చదువేదో ఎనిమిదిలో ఆలోచించకపోతే లెక్క వేయడానికే వీలుండదు.

ఇక వృత్తి విద్య విషయానికి వద్దాం. గల్ఫ్‌కు వచ్చిన తెలుగువారిలో ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, ప్లంబర్లు, డ్రైవర్లు, ఏసీ మెకానిక్కులు వేలల్లో ఉన్నారు. ఈ దేశాల రోడ్లు, భవనాలు, కర్మాగారాలు వారి చేతిపనితో లేచినవే. ‘నా బతుకు నా కొడుక్కి వద్దు’ అని అందరికంటే గట్టిగా అనేదీ వారే. ఆ మాట వెనుక ఎండలో కరిగిన ఏళ్లున్నాయి, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే వారిలో చాలామందిని కిందే ఉంచింది పనికంటే కాగితం లేకపోవడమే. ఒమన్ సహా పలు దేశాలకు పని మీద వెళ్లేవారిలో పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేని పాస్‌పోర్టు ఇస్తారు, పాస్ కానివారికి ఆ తనిఖీ సాధారణంగా తప్పదు. ఒక్క సర్టిఫికెట్‌తో ఎంత తేడా వస్తుందో ప్రతి గల్ఫ్ కార్మికుడికీ తన పాస్‌పోర్టే చెప్పింది. చేతిలో నైపుణ్యం, దానికి గుర్తింపు పొందిన అర్హత, ఆపై చదువుకు తెరిచి ఉన్న దారి, ఈ మూడూ కలిసినప్పుడు కొడుకు బతుకు తండ్రి బతుకులా ఉండదు.

ఆ దారులు తెలుగు రాష్ట్రాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో అడుగు పెట్టవచ్చు. తెలంగాణలో ఐటీఐ చదివినవారు ఎల్‌పీసెట్ ద్వారా డిప్లొమా రెండో ఏడాదికి వెళ్లవచ్చు. ఇంటర్ వొకేషనల్ విద్యార్థులకు బ్రిడ్జి కోర్సు ఉంది, అది పాసైతే సాధారణ చదువుల వైపు మళ్లవచ్చు. సీబీఎస్‌ఈలోనూ తొమ్మిది నుంచే నైపుణ్య సబ్జెక్టులున్నాయి. పదో తరగతిలో ఆరో సబ్జెక్టుగా దాన్ని తీసుకున్న విద్యార్థి సైన్స్, గణితం, సోషల్‌లలో ఒకటి తప్పినా, నైపుణ్య సబ్జెక్టు మార్కులను దాని స్థానంలో తీసుకుంటారు. అయినా మన ఇళ్లలో ‘వొకేషనల్’ అంటే మిగిలిపోయినవారి చదువే. 2020 జాతీయ విద్యా విధానం పన్నెండో పంచవర్ష ప్రణాళికను ఉటంకిస్తూ చెప్పిన లెక్క ఇదీ: 19-24 ఏళ్ల భారతీయ శ్రామికుల్లో లాంఛనంగా వృత్తి విద్య పొందినవారు 5 శాతం లోపే. జర్మనీలో అది 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం. ఆ దేశాల్లో వృత్తి విద్య పరువు తక్కువ చదువైతే ఇన్ని కుటుంబాలు దాన్ని ఎంచుకునేవి కావు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది సబబైనదే. వృత్తి విద్య పేరుతో కూలివాడి బిడ్డను కూలి దగ్గరే ఆపేస్తారని, డాక్టరు బిడ్డ మాత్రం డాక్టరవుతాడని అనుమానించేవారున్నారు. కులవృత్తుల చరిత్ర ఉన్న సమాజంలో ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. మార్కులు తక్కువ వచ్చినవారిని వృత్తి కోర్సులోకి తోసేయడమే మార్గదర్శనం అనిపించుకుంటే దాన్ని వ్యతిరేకించాల్సిందే. సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిది, పది తరగతుల కోసం రూపొందించిన ‘తమన్నా’ పరీక్షలో పాసవడం, తప్పడం ఉండవు. భాష, సంఖ్యలు, యాంత్రిక జ్ఞానం వంటి ఏడు కోణాల్లో విద్యార్థి మొగ్గు ఎటుందో అది చూపుతుంది. దాని ఆధారంగా ఏ సబ్జెక్టునూ బలవంతంగా రుద్దకూడదన్నది అందులోనే ఉన్న షరతు. యంత్రం విప్పి బిగించడంలో ఆనందం పొందే ఫస్టు ర్యాంకు అమ్మాయికి మెకట్రానిక్స్ డిప్లొమా గురించీ, లెక్కల్లో చురుకైన మేస్త్రీ కొడుక్కి ఐఐటీ గురించీ చెప్పగలిగినప్పుడే అది మార్గదర్శనం అవుతుంది.

బురైమిలోని ఒమనీ పిల్లలకు ఏం అందుతోందో కూడా చూద్దాం. ఒమన్ 2008లో జాతీయ కెరీర్ గైడెన్స్ కేంద్రాన్ని ఏర్పాటు చేసి, ప్రభుత్వ పాఠశాలల్లో ఆ పనికే ప్రత్యేక నిపుణులను నియమించింది. పదకొండో తరగతిలో ఏ సబ్జెక్టులు తీసుకోవాలన్నది విద్యార్థి ఎంచుకునేటప్పుడు, దానివల్ల ఏ కోర్సులకు దారి ఉంటుందో, ఏవి పోతాయో వివరించడం వారి బాధ్యత. 2023-24లో కొన్ని పాఠశాలల్లో పదకొండు నుంచి వృత్తి, సాంకేతిక విద్యామార్గాన్నీ మొదలుపెట్టారు. బురైమిలో ప్రభుత్వ వృత్తివిద్యా కళాశాల ఉంది, అయితే అది ఒమనీల కోసం. పిల్లలకు దారి చూపే పనిని ఇక్కడి ప్రభుత్వం మనకంటే పట్టుదలగా చేస్తోంది.

పనికి అవకాశాలూ కళ్లముందే ఉన్నాయి. సోహార్ రేవు, అల్యూమినియం, ఉక్కు కర్మాగారాలు ఒకవైపు. సోహార్ నుంచి బురైమి మీదుగా అబుదాబికి నిర్మాణంలో ఉన్న 238 కిలోమీటర్ల హఫీత్ రైలు మార్గం మరోవైపు. సిగ్నలింగ్, ట్రాక్ నిర్వహణ, వెల్డింగ్ తనిఖీ, లాజిస్టిక్స్ తెలిసినవారు అక్కడ కావాలి. అయితే 2022 జులైలో ఒమన్ 207 ఉద్యోగాలను తన పౌరులకే కేటాయించింది. ఆ జాబితా పెరుగుతుందే తప్ప తగ్గదు. నాన్న వీసా ఉంది కదా, ఏదో ఒక ఆఫీసు పని దొరక్కపోదన్న ధీమా ఇక చెల్లదు. ఏ దేశంలోనైనా గుర్తింపు ఉండే నైపుణ్యమే మన పిల్లలకు భరోసా.

కాబట్టి చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. సెకండరీ, సీనియర్ సెకండరీ పాఠశాలల్లో కౌన్సెలర్ ఉండాలని సీబీఎస్‌ఈ 2018 అఫిలియేషన్ నియమావళే చెబుతోంది. ఆ కుర్చీలో ఉన్నవారికి కెరీర్ మార్గదర్శనంలో శిక్షణ ఉండేలా ఒమన్‌లోని ఇండియన్ స్కూళ్ల డైరెక్టర్ల బోర్డు చూడాలి. బురైమి వంటి చిన్న పట్టణాల్లో పూర్తికాల నిపుణుడిని పెట్టుకోవడం భారమైతే, సోహార్, ఇబ్రీ వంటి పట్టణాల బడులతో కలిపి ఒకరిని నియమించాలి. ఎనిమిదో తరగతి తల్లిదండ్రులందరికీ గణితం స్థాయులు, స్థానికత, సీఐడబ్ల్యూజీ, పాలిటెక్నిక్ దారులు వివరించే సమావేశం ఏటా జరగాలి. ప్రతి ఇండియన్ స్కూలు పదకొండులో కనీసం రెండు నైపుణ్య సబ్జెక్టులను సైన్స్, కామర్స్ విద్యార్థులకూ అందుబాటులో ఉంచాలి, వాటిని వెనకబడినవారి సెక్షనుగా విడదీయకూడదు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు ఒక డిమాండ్ ఉంది. ఉద్యోగరీత్యా రాష్ట్రం వెలుపల ఉండాల్సి వచ్చిన కొన్ని వర్గాల ప్రభుత్వోద్యోగుల పిల్లలకు వైద్యసీట్ల స్థానికతలో మినహాయింపు ఉంది. పొట్ట చేతపట్టుకుని వెళ్లి ఊరికి డబ్బు పంపుతున్న గల్ఫ్ కార్మికుడి పిల్లలకు ఆ న్యాయం ఎందుకు వర్తించదు? కనీసం పాలిటెక్నిక్, ఐటీఐ ప్రవేశాల్లోనైనా వారిని స్థానికులుగా పరిగణించాలి. దానికి రాష్ట్రపతి ఉత్తర్వును సవరించాల్సి వస్తే కేంద్రాన్ని ఒప్పించే బాధ్యత రెండు ప్రభుత్వాలదీ. కార్మికులను విదేశాలకు పంపడానికి సంస్థలు నడుపుతున్న ప్రభుత్వాలకు, అలా వలసవెళ్లినవారి పిల్లల చదువు తమ పని కాదనే హక్కు లేదు.

తల్లిదండ్రులు ఇవన్నీ జరిగేదాకా ఆగనక్కర్లేదు. మీ అబ్బాయో అమ్మాయో ఇప్పుడు ఏడులోనో ఎనిమిదిలోనో ఉంటే, ఈ నెలలోనే బడికి వెళ్లి మూడు సంగతులు అడగండి: గణితం ఏ స్థాయి, స్థానికత ఎక్కడ, నైపుణ్య సబ్జెక్టులు ఏవి. జవాబులు తెలిశాక బిడ్డను కూర్చోబెట్టుకుని ‘నీకు ఏం చదవాలనుంది?’ అని అడగండి. అప్పుడు మాత్రమే ఆ ఎంపిక బిడ్డది అవుతుంది.